గోడలో చింతగింజ

ఏడుకొండల మీద నిలిచి ఉన్నవాడా, నీకు నమస్కారం. ఎవరు ఏ భాషలో మొరపెట్టుకున్నా మధ్యలో తుంచకుండా చివరిదాకా వినేవాడా, నీకు నమస్కారం. మెట్లెక్కి వచ్చినవాళ్ళనూ, ఎక్కలేక కింద నుంచే చేతులెత్తినవాళ్ళనూ ఒకే చూపుతో చూసేవాడా, నీకు నమస్కారం. తిరుచానూరులో కొలువైన తల్లీ, మా మాట ఆయన దగ్గరికి చేర్చేది నువ్వే గనుక నీకు రెండు నమస్కారాలు. నేను చేసింది మీ ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు రాయబోయేది మీకు కొత్త కాదు. సాటి మనుషులకు చెప్పుకోవాలని రాస్తున్నాను.

నేను చంద్రగిరి దాటాక కొండ కింద ఉండే ఒక పల్లెలో ప్రైమరీ బడి టీచరును. చిన్నపిల్లలకు చదవడం నేర్పడం నా పని. మూడో తరగతిలో ఒక పిల్ల నా వల్ల ప్రశ్నలు అడగడం మానేసింది. ఆ పిల్ల మళ్ళీ నోరు తెరిచి ఏదైనా ఒకటి అడగాలని ఏడాదిన్నర పాటు దేవుడిని వేడుకున్నాను. ఈ రాత అంతా దాని గురించే. పిల్లల చేత ప్రశ్నలు అడిగించడం తెలిసిన మనిషి రాసినట్టు దీన్ని చదవకండి. అడిగే పిల్లను ఆపిన మనిషి రాసినట్టు చదవండి.

మా నాయన తిరుచానూరులో ఒక భజన గోష్ఠికి పెద్ద. శనివారం సాయంత్రం మా ఇంటి వసారాలో పది పదిహేను మంది చేరేవాళ్ళు. నాయన పురాణం చదివేవాడు. మొదలుపెట్టే ముందు అమ్మ పళ్ళెంలో అక్షతలు తెచ్చి ఒక్కొక్కరి చేతిలో చిటికెడు పోసేది. వాటిని కుడి పిడికిట్లో మూసుకుని కూర్చోవాలి. అధ్యాయం ముగిసేదాకా పిడికిలి విప్పకూడదు, నోరు విప్పకూడదు. చివర అందరూ గోవిందా అన్నాక లేచి అక్షతలు స్వామి పటం ముందు వేయాలి.

నాకు ఆరేళ్ళప్పుడు ఒకసారి ఆగలేక అడిగేశాను. "నాయనా, ఆ ముసలాయన ఏ తప్పూ చెయ్యలేదు కదా, ఆయన బిడ్డ ఎందుకు సచ్చిపోయినాడు?"

నాయన తిట్టలేదు. నా వైపు ఒక్కసారి చూసి, పేజీలు వెనక్కి తిప్పి, అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నా ఒక్కదాని వల్ల అంత మంది ఇంకో గంట పిడికిళ్ళు మూసుకుని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు ఒక ముసలామె నా గడ్డం పట్టుకుని ప్రేమగానే చెప్పింది. "కథ మద్దెలో నోరు తెరిస్తే ఇంటికి కీడు తల్లీ. ఇంగెప్పుడూ అట్ల సెయ్యగాకు." నేను మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. నాయన పోయాక ఆ గోష్ఠిలో చదివే పని నాకు వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం తడబడకుండా చదువుతానని పేరు తెచ్చుకున్నాను.

ఆ పద్ధతినే బడికి తీసుకుపోయాను. మా బడి ఉన్న ఊళ్ళో మాఘమాసం నుంచి ఎండాకాలం దాకా ప్రతి ఇంటి ముందూ చింతపండు కొట్టి గింజలు తీస్తారు. పిల్లలు మునివేళ్ళు గోధుమరంగుకు తిరిగి బడికి వస్తారు. గింజలకు కొదవ లేదు. పాఠం చదివేముందు ఒక్కొక్కరికి రెండు చింతగింజలు ఇచ్చేదాన్ని. కుడి పిడికిట్లో మూసుకోవాలి. ఎడమచేతి వేలు పుస్తకంలో అక్షరాల కింద పెట్టి నాతో పాటు జరపాలి. పాఠం అయ్యేదాకా మాట లేదు. అయ్యాక వరుసగా వచ్చి స్టీలు గిన్నెలో టకటకా వేసి పోవాలి. చూడడానికి వచ్చిన అధికారులు ముచ్చటపడేవారు. ముప్పై మంది చిన్నపిల్లలు అంత నిశ్శబ్దంగా కూర్చోవడం వాళ్ళు ఎక్కడా చూడలేదట. కథ మధ్యలో మాట్లాడితే కీడు అని ఆ ముసలామె నాకు చెప్పిన మాటనే నేను పిల్లలకు చెప్పేదాన్ని. భయపెట్టాలని కాదు. నేను నమ్మాను గనుక చెప్పాను.

ఆ పిల్ల మూడో తరగతిలో ఉన్న ఏడాది తిరుపతిలో మాకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చినతను నాకంటే చాలా చిన్నవాడు. చదివేటప్పుడు పిల్లలను ప్రశ్నలు అడగనివ్వండి అన్నాడు. బొమ్మ దగ్గర ఆగండి, తర్వాత ఏమవుతుందో వాళ్ళనే ఊహించమనండి, ఎందుకు అని ఎవరైనా అంటే పుస్తకం పక్కన పెట్టి వినండి, పాఠం అయ్యాక అడుగుదువులే అంటే అప్పటికి ఆ ప్రశ్న చచ్చిపోతుంది అన్నాడు. నేను లేచి, "కథ మధ్యలో ఆపితే రసం పోదా సార్?" అన్నాను. "పిల్లలు ఆపితే పోదు మేడం" అన్నాడతను. మా వరుసలో అందరం నవ్వాం. అతనిచ్చిన రంగు అట్టల మీద ఎవరు, ఎందుకు, ఎట్లా అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వాటిని తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ పిల్ల గురించి చెప్పాలి. ఒక జడకు ఎర్ర రిబ్బను, ఇంకో జడకు ఏది దొరికితే అది. తల్లి తడ దగ్గర ఏదో కంపెనీలో పనిచేస్తూ అక్కడే ఆడవాళ్ళ హాస్టల్లో ఉండేది. తండ్రి లేడు. అవ్వ దగ్గర పెరుగుతూ ఉండేది. ఆ అవ్వే మా బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. వంటకు షెడ్డు కట్టివ్వలేదు. పాత బడి కూలగొట్టినప్పుడు రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన గోడ ఒకటి మిగిలింది. దానికి మూడు వైపులా రేకులు కట్టుకుని, గాలి తగలకుండా ఆ గోడ వారనే పొయ్యి పెట్టుకుంది అవ్వ. బియ్యం ఏరేటప్పుడు ఆ గోడకే ఆనుకుని కూర్చునేది. బడి గంట కొట్టేదాకా ఈ పిల్ల కూడా అక్కడే.

"దీని నోటికి యాడన్నా తాళం దొరికితే ఎయ్యండి టీచరమ్మా" అనేది అవ్వ వక్కాకు బుగ్గన పెట్టుకుని. "లేస్తానే మొదలు. కోడి ఎందుకు కూస్తాదవ్వా, కూయకుంటే తెల్లారదా అవ్వా, అంటాది. నేనేమన్నా దేవుడి ఇంట్లో పని చేసి వచ్చినానా?"

"నువ్వు చెప్పకుంటే మేడంను అడుగుతాలే పో" అనేది పిల్ల.

నన్ను అడిగేది కూడా. పాఠం లేనప్పుడు నేనూ చెప్పేదాన్ని. ఆకాశానికి అడుగు ఉండాదా అని ఒకసారి అడిగింది. నేను నవ్వి స్వామి పాదాలే అడుగు అన్నాను. అయితే స్వామి దేని మీద నిలబడినాడు అంది. ఆ రోజు బస్సులో ఇంటికి వచ్చేదాకా నాకు సంతోషంగా ఉండింది. అడిగే పిల్ల విలువ నాకు తెలియక కాదు ఇదంతా చేసింది.

కార్తీకమాసంలో వాయుగుండం పట్టింది. సోమవారం మొదలైన వాన బుధవారానికి కూడా తెరిపి ఇవ్వలేదు. ఆ బుధవారం మూడో తరగతికి చీమల పాఠం చెప్పాను. వాన వస్తుందని తెలిసి పుట్టలో చీమలన్నీ గుడ్లు నోట కరుచుకుని మిట్ట మీదికి పోతాయి. గింజలు పంచి, చదవడం మొదలుపెట్టాను.

రెండో పేజీలో ఆ పిల్ల లేచి నిలబడింది. "మేడం, వాన రాకముందే చీమలకు ఎట్ల తెలిసింది?"

నేను చదువుతూనే ఉన్నాను.

"మేడం, గోడలోంచి చీమలు గుడ్లు ఎత్తుకోని పోతా ఉంటే..."

నేను పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. వెనక నుంచి ఒక పిల్లవాడు, "దీనికి పిడికిలి మూతపడినాది గానీ నోరు మూతపడలేదు మేడం" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక నేను ఆ మాట అన్నాను. "కథ మధ్యలో మాట్లాడితే ఏమవుతుందని చెప్పినాను? ఇంటికి కీడు. కూర్చో."

కూర్చుంది. పాఠం పూర్తయింది. "ఇప్పుడు అడుగు పాపా, ఏమి అడగల్లనుకున్నావు?" అన్నాను. అప్పుడే అన్నం గంట కొట్టారు. పళ్ళేల మోత. ఆ పిల్ల నా ముఖం చూసి, "ఏం లేదు మేడం" అంది. గిన్నెలో ఒక్క గింజే వేసింది.

"ఇంకోటి యాడ?"

"ఉంచుకున్నాను మేడం. నిన్న పెట్టింది పోయింది, ఈ పొద్దు పెట్టిందీ పోయింది, ఇంకోటి పెట్టి చూడల్ల" అని ఏదో తికమకగా చెప్పింది. నేను పట్టించుకోలేదు. గింజలకేమి, ఊరి నిండా ఉన్నాయి.

గురు, శుక్రవారాలు వానకు సెలవిచ్చారు. శనివారం ఎండ కాసింది. బడికి వచ్చిన పిల్లలందరూ ఎండలో నిలబడి చలి కాచుకున్నారు. పదకొండు గంటలకు నేను తరగతిలో ఉన్నాను, లారీలో నుంచి రాళ్ళు దింపినట్టు చప్పుడయింది. బయటికి పరుగెత్తాను. గోడ పడితే దుమ్ము లేస్తుందని అనుకుంటాం. లేవలేదు. అంతా తడి. పాత గోడ పొయ్యి మీదికి పడి ఉంది. అన్నం తపేలా బోర్లాపడి, తెల్లని గంజి బురదలో పారుతూ ఉంది. రాళ్ళ కింద అవ్వ నడుము దాకా ఉంది. స్పృహలోనే ఉంది. "పొయ్యి ఆర్పండమ్మా, పిల్లోళ్ళు కాల్చుకుంటారు" అంటోంది.

ఆ పిల్ల ఏడవలేదు. వంగి రాళ్ళు ఒక్కొక్కటి తీసి పక్కన పెడుతూ ఉంది, తన చేతికి లేచే రాళ్ళే. ఊరివాళ్ళు వచ్చి పెద్దవి తీసి, అంబులెన్సు ఎక్కించి తిరుపతికి పంపేదాకా ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు.

సోమవారం అధికారులు వచ్చారు. గోడ గురించి కాగితం ఎప్పుడో పైకి పోయి ఉండాదని హెడ్మాస్టరు చెప్పారు. వచ్చినవాళ్ళలో పెద్దాయన నా వైపు తిరిగి, "మట్టి రాలడం, బీట కనపడడం, ఏమీ లేదా? ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు.

"లేదు సార్. ఎవరూ చెప్పలేదు" అన్నాను.

తల తిప్పితే ఆ పిల్ల వరండా స్తంభం పక్కన నిలబడి ఉంది. విన్నదో లేదో అప్పుడు నాకు తెలియలేదు. చెప్పలేదన్నది అబద్ధం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మవారి గుడిలో ఆ సాయంత్రం పసుపు కుంకుమ చేత్తో పట్టుకుని నిలబడితే, గోడ అన్న మాట చెవిన పడీ నేను ఆపాను గనుక అది అబద్ధమేనని నాకు తెలిసింది. తెలిసీ మర్నాడు పోయి సరిదిద్దలేదు. ఉద్యోగం భయం కొంత. పేరు భయం ఎక్కువ.

అవ్వ మూడు నెలలకు ఇంటికి వచ్చింది. నడుము నుంచి కిందికి స్పర్శ లేదు. మంచం మీదే. ఆదివారాలు పండ్లో, పాలో తీసుకుని చూడడానికి పోయేదాన్ని. పిల్ల ఇంటి ముందు కూర్చుని చింతపండు కొడుతూ ఉండేది. నన్ను చూస్తే లేచి చాప వేసేది. అడిగిన దానికి జవాబు చెప్పేది.

ఒక ఆదివారం అవ్వ తనంతట తానే ఆ మాట ఎత్తింది. "నీ గింజే టీచరమ్మా. నువ్విచ్చిన చింతగింజే. ఆ గోడకు నా ఈపు కాడ బీట ఉన్నింది కదా, దాంట్లో పెట్టి సూసేది ఇది. సోమారం పెడితే బిర్రుగా నిలబడిందంట. మంగళారం పెడితే లోపలికి జారి పోయిందంట. బుధవారం పొద్దున ఇంగోటి పెడితే అదీ పోయిందంట. అవ్వా, గోడ నోరు తెరస్తా ఉండాది, చీమలు కూడా గుడ్లెత్తుకోని పోతా ఉండాయి, నువ్వు ఈడ కూసోవద్దు అనింది." అవ్వ కాసేపు రేకుల కప్పు వైపు చూసింది. "నేను నవ్వినాను. పోయి మీ మేడంను అడుగు, ఆయమ్మకు అన్నీ తెలుసు అన్నాను."

తెచ్చిన పండ్లు మంచం పక్కన పెట్టాను. బయట చింతపండు మీద సుత్తి దెబ్బలు ఆగలేదు.

గిన్నెలో తక్కువైన గింజ సంగతి అప్పుడు అర్థమైంది. నేను చీమల పాఠం చదివిన రోజుకు ఆ పిల్ల ఆ పాఠాన్ని గోడ మీద చదివేసి ఉంది. నాకు వినిపించింది వాక్యంలో సగమే. మిగతా సగం వినడానికి ఒక్క నిమిషం పట్టేది.

మర్నాడు బీరువా తీసి రంగు అట్టలు బయట పెట్టాను. గింజల పద్ధతి తిరగేశాను. ఒక్కొక్కరికి మూడు గింజలు. చదివేటప్పుడు ఎక్కడ అర్థం కాకపోయినా, ఎక్కడ అనుమానం వచ్చినా, ఒక గింజ పుస్తకం మీద పెట్టి అడగాలి. పాఠం అయ్యేసరికి ఎవరి చేయి ఖాళీ అయితే వాళ్ళు బాగా చదివినట్టు.

మొదటి వారం ఎవరూ నోరు తెరవలేదు. నా వేలు మళ్ళీ పెదవుల మీదికి పోతుందేమోనని చూశారు. నేనే ముందు అడిగాను. ఈ నక్క ఎందుకు అబద్ధం చెప్పిందో నాకు తెలియడం లేదు, మీకేమన్నా తెలుసా అన్నాను. ఆకలయి ఉంటాది మేడం అంది ఒక పిల్ల, భయం భయంగా. తర్వాత ఇక ఆగలేదు. నక్కకు సొక్కాయి ఎవరు కుట్టినారు, నక్కలకు టైలరుంటాడా? రాజు పొద్దస్తమానం కుర్చీలో కూసుంటే పొలం ఎవరు సూసేది? ముందు రోజుల్లో నవ్వించిన ఆ వెనక బెంచీ పిల్లవాడు ఒకరోజు బొమ్మ మీద గింజ పెట్టి, "ఈ బొమ్మలో బడికి గేటుండాది, నీళ్ళ కొళాయి ఉండాది. ఇది రాసినోళ్ళు మన బడి సూడలేదా మేడం?" అన్నాడు. వాళ్ళు చూడలేదనే చెప్పాను.

ఆ పిల్ల మాత్రం మూడు గింజలూ పిడికిట్లో పెట్టుకుని కూర్చునేది. తప్పు లేకుండా చదివేది. అడిగితే చెప్పేది. పాఠం అయ్యాక వచ్చి, చెమటకు తడిసిన మూడు గింజలూ గిన్నెలో వేసి పోయేది. రోజూ మూడు. దుఃఖం అనుకున్నాను. అవ్వ అలా పడి ఉంటే ఏ పిల్లకు నోరు వస్తుంది అనుకున్నాను. కాలం గడిస్తే సర్దుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగో తరగతికి వచ్చింది. అప్పుడూ మూడే.

గోష్ఠిలో శనివారాలు నేనే చదువుతున్నాను. ఒక సాయంత్రం కొత్త పురాణం మొదలుపెట్టాను. అడవిలో మునులందరూ కూర్చుని పౌరాణికుడిని అడిగారు అన్న చోటికి వచ్చి ఆగాను. ఆ మాట ఎన్ని వందల సార్లు చదివి ఉంటాను. ఎవరో అడిగారు గనుక కథ పుట్టింది. అడగకపోతే పురాణమే లేదు. శిష్యుడు అడిగాడు, గురువు చెప్పాడు. భార్య అడిగింది, భర్త చెప్పాడు. ఒక్క పుస్తకం కూడా ఎవరూ అడగకుండా మొదలు కాలేదు. నేను వాళ్ళ ప్రశ్నల మీదుగా తడబడకుండా నడిచిపోతూ వచ్చాను.

"ఏమ్మా ఆపినావు? ఆపగూడదు, సదువు" అన్నాడు గోష్ఠిలో పెద్దాయన.

"ఒక నిమిషం చిన్నాయనా" అన్నాను. అందరూ పిడికిళ్ళు మూసుకుని నన్నే చూస్తున్నారు. "ఎవరికైనా ఏదైనా అడగాలని ఉంటే అడగండి" అన్నాను. ఎవరూ అడగలేదు. ఒకామె పక్కామెతో, "పాపం, వాళ్ళ నాయన పోయినప్పట్నించి మనిషి ఒక రకంగా ఉండాది" అంది. నేను మళ్ళీ చదివాను.

గోడ పడ్డాక రెండో ఎండాకాలంలో అవ్వ పోయింది. వీపు మీద పుండ్లు పడి మానలేదు. జ్వరం వచ్చి నాలుగు రోజులు మాట్లాడుతూనే ఉంది. చూడడానికి ఎవరు వెళ్ళినా, "పిల్లోళ్ళు తిన్నారా?" అని అడిగిందట. నేను పోయేసరికి అది కూడా ఆగిపోయింది.

తల్లి వచ్చి కర్మకాండ జరిపించింది. కూతుర్ని తనతో తడ వైపు తీసుకుపోయి అక్కడి బడిలో చేరుస్తానని, జూన్‌లో టి.సి. కోసం వచ్చింది. హెడ్మాస్టరు గదిలో ఆమె సంతకం పెడుతూ ఉంటే పిల్ల నా తరగతి గుమ్మం దగ్గర నిలబడింది. పిల్లలింకా రాలేదు. బల్ల మీద గింజల గిన్నె ఉంది.

"మేడం."

"రా పాపా."

లోపలికి వచ్చింది. గిన్నెలో చేయి పెట్టి ఒక గింజ తీసుకుంది. నా బల్ల మీద నా ముందు పెట్టింది. ఏడాదిన్నర నుంచి నేను కోరింది అదే.

"ఒకటి అడిగితే కీడా మేడం?"

"కాదమ్మా. అడుగు."

గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ పొద్దు పాఠం మద్దెలో నేను మాట్లాడినందుకేనా, గోడ మా అవ్వ మీద పడింది?"

నేను కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాను, ఆ పిల్ల ముఖం నాకు ఎదురుగా వచ్చేటట్టు. దుఃఖం అనుకున్నది దుఃఖం కాదు. ఒక్క మాట మాట్లాడి ఇల్లు కూల్చానన్న నమ్మకం. మంచం పట్టిన అవ్వ పక్కన కూర్చుని చింతపండు కొడుతూ, తొమ్మిదేళ్ళ పిల్ల దాన్ని ఒంటరిగా మోసింది. ఇంకోసారి నోరు తెరిస్తే అవ్వకు మిగిలిన ప్రాణం కూడా పోతుందని కాపలా కాసింది. ఆ నమ్మకం నేనే ఇచ్చాను, దేవుడి పేరు పెట్టి.

"కాదు" అన్నాను. "గోడ వానకు నానింది. నువ్వు ముందే చూసినావు. నాకు చెప్పబోయినావు. నేను వినలేదు. నువ్వు మాట్లాడినందుకు కాదు, నేను విననందుకు."

ఆ పిల్ల ఆలోచించింది. పుస్తకంలో కష్టమైన వాక్యం దగ్గర ఆగినట్టు ఆగింది. తర్వాత ఇంకో గింజ తీసి మొదటి దాని పక్కన పెట్టింది.

"మరి గోడ చూసేదానికి ఆ సార్లు వచ్చినప్పుడు ఎవరూ చెప్పలేదంటిరే?"

"అబద్ధం చెప్పినాను."

"ఎందుకు?"

"భయపడి."

"మీకు ఏం కీడు జరగలేదే మేడం?"

దానికి నా దగ్గర జవాబు లేదు. బయట తల్లి పిలిచింది. "మే, ఏం జేస్తా ఉండావు ఆడ? బస్సు పోతాది, రా!" పిల్ల నన్ను ఇంకా కొంచెం సేపు చూసింది. కోపం లేదు. జవాబు కోసం చూసింది, అంతే. పెరుగుతున్న పిల్లలు పెద్దవాళ్ళను చూసే చూపు. తర్వాత పరుగెత్తి పోయింది. గింజలు బల్ల మీదే ఉన్నాయి.

ఆ మర్నాడు జరిగింది జరిగినట్టు కాగితం మీద రాశాను. పాఠం మధ్యలో ఒక పిల్ల గోడ గురించి చెప్పబోయిందని, నేను ఆపానని, తర్వాత అడిగినప్పుడు దాచానని. హెడ్మాస్టరు చదివి, "మూసేసిన దాన్ని మళ్ళీ ఎందుకు తెరవడం మేడం? ముసలామె కూడా లేదు ఇప్పుడు" అన్నారు. నేను పోస్టులో పంపాను. ఇంతవరకు జవాబు లేదు. వచ్చినా, ఆ పిల్ల చివరగా అడిగిన దానికి అది జవాబు కాదు.

అబద్ధానికి వెంటనే దండన పడితే లోకం సులువుగా ఉండేది. నన్ను ఎందుకు నిలబెట్టి, అవ్వను ఎందుకు పడగొట్టావని నేను ఇప్పుడు స్వామిని అడుగుతున్నాను. ఆరేళ్ళప్పుడు నాయనను అడిగి ఆపేసిన ప్రశ్నే అది. ఈసారి కథ మధ్యలోనే అడుగుతున్నాను. ఆయన ఇంకా చెప్పలేదు. అడగవద్దని మాత్రం అనలేదు.

నా తరగతిలో ఇప్పుడు చదవడం అంటే అల్లరి. అధికారులు వస్తే ముఖం చిట్లిస్తారు. పర్వాలేదు. నాకు తెలియనిది ఒక్కటే. ఆ పిల్ల నన్ను అడిగింది, నిజమే. కొత్త బడిలో, కొత్త టీచరు ముందు, పుస్తకం మధ్యలో చేయెత్తుతుందా? ఎత్తితే ఆ టీచరు వేలు ఎక్కడికి పోతుంది? ఇక్కడి నుంచి నా చేతనయ్యేది ఏమీ లేదు, వేడుకోవడం తప్ప.

అందుకే ఇది చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ దేవుడి ముందు నిలబడే వాళ్ళైనా సరే, ఈ పూట ఒక్క క్షణం నాతో కలిసి చేతులు జోడించండి. పిడికిళ్ళు విప్పి జోడించండి. స్వామీ, తడ వైపు బడిలో ఒక పిల్ల లేచి నిలబడితే, ఆ వాక్యం పూర్తయ్యేదాకా వినే చెవిని అక్కడ ఎవరికైనా ఇవ్వు. ఆ అవ్వను నీ పాదాల దగ్గర కూర్చోబెట్టుకో, ఆమె వెనక గోడ లేని చోట. మా నోటి నుంచి పిల్లల మీదికి పడిన భయాలను నువ్వే ఏరి తీసెయ్యి. మేము వినని ప్రశ్నలన్నీ నీకు వినబడే ఉంటాయి. వాటిని మళ్ళీ మా దాకా పంపు. గోవిందా అనండి నాతో.

గోవిందా.